దొంగకు దండలు, మోతగాడికి సంకెళ్ళు

కిందటి సంవత్సరం చోడవరంలో జరిగిన వొక ఉపాధ్యాయ మిత్రుల గోష్ఠిలో వొక యువ అధ్యాపకుడు లేచి మాట్లాడాడు. తెలుగు తెరమీద యిన్నాళ్ళకు వొక కూలివాడు కథానాయకుడైనాడనీ, దానికి సంతోషించవలసిన అభ్యుదయవాదులు ముఖం చిట్లించుకోవడం వొట్టి మధ్యతరగతి మడి అనీ అన్నాడు. ఆయన చెప్పింది 'పుష్ప' గురించి. సభలో చప్పట్లు మోగినై. నేనూ కొట్టాను. తిరిగి రావికమతం వచ్చే బస్సులో కూర్చున్నాక, యెందుకు కొట్టానా అని ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచనలో తేలిన సంగతులు యిక్కడ రాస్తున్నాను. ఆ అధ్యాపక మిత్రుడు దీన్ని చదువుతాడనీ, జవాబు రాస్తాడనీ ఆశ.

ముందుగా వొక విషయం స్పష్టం చెయ్యాలి. చెడ్డవాణ్ణి చూపిస్తే జనం చెడిపోతారనే వాదం నాది కాదు. ఆ వాదం నిజమే అయితే, తరతరాలుగా రావణుణ్ణీ దుర్యోధనుణ్ణీ తెల్లవార్లూ చూస్తూ వచ్చిన మన పల్లెలు యీపాటికి లంకలై పోయివుండాలి. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఎస్.వి. రంగారావు కీచకుడు వేస్తే తెలుగుదేశం మురిసిపోయింది. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి కూడా వచ్చింది. ఆ కీచకుణ్ణి చూసి మురిసినవాళ్ళే, భీముడు వాణ్ణి చంపుతుంటే యీలలు వేశారు. నటుణ్ణి మెచ్చుకోవడం వేరు, పాత్ర పక్షాన చేరడం వేరు అని వాళ్ళకు యెవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. యివాళ ఆ తేడా చెరిగిపోయిందంటే దానికి ప్రేక్షకుణ్ణి నిందించి లాభం లేదు. చెరిగిపోవడంవల్ల డబ్బు చేసుకునేవాళ్ళు వున్నారు, వాళ్ళు చెరిపారు.

యెలా చెరిపారో సినిమాకంటే టీవీ సీరియలులో బాగా కనబడుతుంది. సినిమా యాడాదికొకసారి వస్తుంది, సీరియలు రోజూ యింటికి వస్తుంది.

మా వూళ్ళో చాలా యేళ్ళపాటు రాత్రి యేడున్నర అంటే 'కార్తీకదీపం' వేళ. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో ముగిసింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. నల్లగా వున్నదని చిన్నచూపు చూడబడిన దీప, ఆమెను అనుమానించి దూరం చేసుకున్న డాక్టరు భర్త, వంటలు చేసి అమ్ముకుంటూ బిడ్డను పెంచుకునే ఆమె బతుకు - కథ యిది. నేను దీన్ని వెక్కిరించను. యెంత పాత సరుకు కలిసినా, చేతులతో పనిచేసుకు బతికే ఆడదాని వైపు నిలబడే బలం ఆ కథలో వుంది. చెరుకు తోటల్లో కలుపుతీసి, కాళ్ళు కడుక్కుని, టీవీ ముందు కూలబడిన మా వీధి ఆడవాళ్ళు వంటలక్కను తమ మనిషిగా చూశారు. ఆమెను వాళ్ళు 'దీప' అనడం నేను వినలేదు; యెప్పుడూ 'మన వంటలక్క' అనే.

అయితే ఆ దీపంలో రోజూ చమురు పోసింది వంటలక్క కాదు, మోనిత. ఆ మోనిత చదువుకున్న డాక్టరు, డబ్బున్న మనిషి. కావాలనుకున్నవాడి కోసం దేనికైనా తెగిస్తుంది. తన చావును తానే నటించి, ప్రేమించానన్నవాణ్ణే హత్యకేసులోకి నెట్టింది. జైలుకు వెళ్ళింది, తిరిగి వచ్చింది. యెందుకు తిరిగి వచ్చింది? రచయితకు ఆమెమీద జాలి కలిగి కాదు. వారానికి ఆరు రోజులు నడవవలసిన కథలో దుష్టపాత్రకు శిక్షపడితే కథ ఆగుతుంది, కథ ఆగితే సబ్బుల ప్రకటనా ఆగుతుంది. మంచివాళ్ళ సుఖం వొకటి రెండు రోజులకు సరిపోతుంది, చెడ్డవాళ్ళ పన్నాగమైతే యేళ్ళు నడుస్తుంది. సీరియలులో న్యాయం జరగకపోవడానికి తాత్త్విక కారణాలేవీ లేవు. అది వ్యాపార నియమం.

2022లో నాయికానాయకులను ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి కథను వాళ్ళ పిల్లల తరానికి జరిపారు. చూసేవాళ్ళు తగ్గారు. వెంటనే దీపనూ డాక్టరుబాబునూ మోనితనూ మళ్ళీ తెచ్చారు. ప్రజల కోరికకు ఛానెల్ తలవొగ్గిందని అభిమానులు పండుగ చేసుకున్నారు. తలవొగ్గే అలవాటు నిజంగా వున్నవాళ్ళయితే ప్రకటనలు సగానికి తగ్గించమని అడిగి చూడండి, తెలుస్తుంది.

యిక ఫోను సంగతి. ఆనాటి ఘట్టంలోంచి నిమిషం ముక్క కోసి ముందుగానే ఫేస్‌బుక్కులోనూ యూట్యూబులోనూ వదులుతారు. నేను కొన్నాళ్ళు పనిగట్టుకుని ఆ ముక్కలు చూశాను. వాటిలో వంటలక్క వంట చేస్తున్న ముక్క నాకు కనబడలేదు. కనబడినవన్నీ మోనిత నవ్వు, మోనిత కళ్ళు, మోనిత ఫోనులో యెవరినో బెదిరించడం. వెనక డప్పుల మోత. చివర వొక ప్రశ్న: పన్నాగం పారుతుందా? అంతే, కింద జనం విరుచుకుపడతారు. సగంమంది శాపనార్థాలు, సగంమంది శభాష్‌లు. తిట్టినవాడికీ పొగిడినవాడికీ తాము పోట్లాడుకుంటున్నామనే అనుకుంటున్నారు. మా వూరి కిరాణాకొట్టు శెట్టికి పాతబాకీకీ కొత్తబాకీకీ రెండు పద్దులుంటాయి. యీ కంపెనీల పుస్తకంలో ప్రేమకూ ద్వేషానికీ కలిపి వొకే పద్దు. యెంతమంది చూశారు, యెంతసేపు ఆగారు అన్నదే వాళ్ళకు కావాలి. ఆ లెక్క చూపించి ప్రకటనలవాళ్ళ దగ్గర ధర కట్టించుకుంటారు.

తరవాత కుర్రాళ్ళు ఆ ముక్కల్ని మళ్ళీ కోసి, పాటలు అతికించి, తమ స్టేటస్సుల్లో పెట్టుకుంటారు. రాత్రి పన్నెండు దాకా మేలుకుని, సొంత ఛార్జింగుతో, సొంత డేటాతో చేసే యీ పనికి కూలి లేదు. యిదే పని కంపెనీ మనిషిని పెట్టి చేయిస్తే జీతమివ్వాలి. అభిమానం అనే మాట చాటున కంపెనీకి ఆ జీతం మిగిలింది. పెట్టుబడిదారుడు మన శ్రమను దోచుకుంటాడని తరగతిలో చెప్పుకుంటాం. మన తీరికను కూడా దోచుకునే రోజు వచ్చిందని చెప్పుకోవడం యింకా మొదలుపెట్టలేదు.

మోనిత వేసిన నటి శోభాశెట్టి 2023లో బిగ్ బాస్ యేడో విడతలోకి వెళ్ళింది. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె పనిచేసుకు బతికే నటి, పని దొరికింది, వెళ్ళింది. నేను గమనించమంటున్నది వేరు. సీరియలులో పోగైన అభిమానాన్నీ అసహ్యాన్నీ అదే ఛానెల్ మూట కట్టి యింకొక కార్యక్రమంలోకి తరలించుకోగలిగింది. యిదివరకు తిట్లుగా వున్నవి అక్కడ వోట్లయినాయి. పొలం మారినా పంట కామందుదే.

టీవీ యిట్లా దున్ని పెట్టిన నేలమీద 'పుష్ప' పడింది. 2021 డిసెంబరులో మొదటి భాగం, 2024 డిసెంబరులో రెండో భాగం వచ్చినై. మా మిత్రుడన్నట్టు, పుష్ప కూలివాడే. తండ్రి యింటిపేరు యివ్వని బిడ్డ. యజమాని యెదుట కాలుమీద కాలు వేసుకుని కూర్చుంటాడు, దించమంటే దించడు. ఆ దృశ్యానికి హాలులో నేను యీల వేసిన మాట దాచను. మా తాత కామందు యింటిముందు భుజంమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాడని మా అమ్మ చెప్పేది. అట్లాంటి తాతలున్న మనవలు ఆ కాలు చూసి యీల వేయకుండా యెలా వుంటారు? కథ అల్లినవాళ్ళకు మన గాయం యెక్కడుందో తెలుసు. ఆ విషయంలో వాళ్ళ తెలివిని మెచ్చుకోవలసిందే.

కాని ఆ కాలు తరవాత యెక్కడికి నడిచిందో కూడా చూడాలిగదా! కూలిగా యెర్రచందనం కొట్టినవాడు వాటాదారుడవుతాడు, వాటాదారుడు సిండికేటుకు అధిపతి అవుతాడు. రెండో భాగంలో, భార్య ముచ్చటపడితే ముఖ్యమంత్రితో ఫొటో అడుగుతాడు. ముఖ్యమంత్రి కాదంటాడు. దానిమీద ముఖ్యమంత్రినే మార్చివేయడానికి పూనుకుంటాడు. యెట్లా? అవమానపడ్డ నలుగురినీ కూడగట్టి కాదు, డబ్బు కుమ్మరించి. మన రాజకీయాల్లో కాంట్రాక్టర్లూ సారా వ్యాపారులూ యెన్నాళ్ళనుంచో చేస్తున్న పనే యిది. వాళ్ళు చేస్తే మనం వూరేగింపులు తీసి ఖండిస్తాం. తెరమీద వొకడు యాసతో, గూనిభుజంతో చేస్తే యీల వేస్తాం. కూలివాడు కథానాయకుడైనాడని మా మిత్రుడంటున్నాడు. నాకు తోచినంతవరకు కూలివాడు కూలితనాన్ని వదలి యజమాని కావడమే అక్కడ కథ. మిగిలిన కూలీలు రెండో భాగంలోనూ దుంగలు మోస్తూనే వున్నారు.

పదోతరగతి పిల్లలకు 'నాకు నచ్చిన పాత్ర' అని వ్యాసం యిచ్చాను. సగానికి పైగా పుష్పమీదే రాశారు. యెవరికీ తలవంచడు గనుక నచ్చాడని వొకడు చక్కగా రాశాడు. వాణ్ణి లేపి, "మరి రెండో భాగంలో అతనికోసం చెట్లు యెవరు కొట్టార్రా?" అన్నాను. "కూలోళ్ళండి" అన్నాడు. "వాళ్ళ పేర్లు?" కాస్త ఆలోచించి, "కేశవ వొక్కడే తెలుసండి. మిగతావోళ్ళ పేర్లు సినిమాలో సెప్పలేదండి" అన్నాడు. ఆ కుర్రవాడి జవాబుకంటే మంచి విమర్శ యీ సినిమామీద నేను చదవలేదు.

ఆ చెప్పని పేర్లలో కొన్ని వొకసారి పత్రికల్లో వచ్చినై. 2015 యేప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడునుంచి చెట్లు కొట్టడానికి తీసుకురాబడ్డవాళ్ళు. వాళ్ళలో కొండజాతులవాళ్ళు కూడా వున్నారు. యెర్రచందనం పుట్టేది మన సీమ కొండల్లో, అమ్ముడుపోయేది విదేశాల్లో. ఆ రెంటికీ మధ్య వచ్చే లాభం యే మేడలకు చేరిందో ఆ శవాల పక్కన పడివున్న దుంగలవల్ల తెలియదు. ఆ సంఘటన జరిగిన ఆరేళ్ళకు అదే అడవిని, అదే దుంగలను చూపుతూ సినిమా వచ్చింది. 20 శవాలూ కథలోకి రాలేదు. దానిలో ప్రధాన పాత్ర వేసినవారికి 2023లో జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం ప్రకటించారు. తెలుగు నటుడొకరికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నటనకు యిచ్చారు, సరే. కథకు సాక్షులుగా వుండవలసినవాళ్ళు కథలోనే లేకపోవడం సంగతి యే కమిటీ చూస్తుంది?

రెండో భాగం విడుదలనాటికి తెలంగాణ ప్రభుత్వం ముందురోజు ఆటకు టిక్కెట్టుమీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోనిచ్చింది. ఆ యేడు ఆంధ్రలో ఉపాధిహామీ పనికి రోజుకూలి 300. అంటే రెండున్నర రోజులకు పైగా మట్టి తవ్విన కూలి, అదీ టిక్కెట్టు అసలు ధరకు పైన. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్యా థియేటరు దగ్గర తొక్కిసలాటలో వొక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. కథానాయకుణ్ణి 13న అరెస్టు చేశారు. ఆ రోజే హైకోర్టు మధ్యంతర బెయిలు యిచ్చింది, మర్నాటి పొద్దున విడుదలైనాడు. ఆయనకు బెయిలు రావడం తప్పని నేననను. బెయిలు హక్కు. చట్టం అందరి విషయంలోనూ అంత చురుకుగా కదిలితే నాకు యీ వ్యాసం రాసే పని సగం తగ్గేది.

యెందుకంటే చట్టం మరొక విధంగా కదిలే చోట నేను వుంటున్నాను. మా రావికమతం 2022 యేప్రిల్ దాకా విశాఖ జిల్లా, యిప్పుడు అనకాపల్లి జిల్లా. మా వూరికి పడమరగా చూస్తే కొండలు కనబడతాయి. ఆ కొండల మీదిది మన్యం. ఆ మన్యంలో చాలాకాలంగా గంజాయి పండిస్తున్నారు. పండించే గిరిజనుడికి పెట్టుబడి వాడిది కాదు, ధర వాడు కట్టేది కాదు. కొండ దిగిన సరుకు మైదానం చేరాలంటే నర్సీపట్నం వైపుగానో మాడుగుల, చోడవరం వైపుగానో రావాలి. 2021 చివరలో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' అని పేరుపెట్టి వేల యెకరాల్లో మొక్కలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో, పట్టుబడిన సరుకు సుమారు 2 లక్షల కిలోలు వొకేసారి తగలబెట్టారు. ఆ మంటను టీవీలన్నీ చూపినై. సరుకుతోబాటు పట్టుబడినవాళ్ళు జైళ్ళలో వున్నారు. వాళ్ళను యే టీవీ చూపలేదు.

వాళ్ళలో వొకడు నా దగ్గర చదువుకున్నవాడు. పేరు చెప్పను. లెక్కల్లో చురుకైనవాడు, పదోతరగతి అయ్యాక చదువు సాగలేదు. తండ్రి జబ్బుకు అప్పు చేశారు. 2022 వేసవిలో వొక రాత్రి మోటారుసైకిలుమీద రెండు సంచులు తెస్తూ దొరికాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. శిక్ష 10 యేళ్ళకు తగ్గదు, 20 దాకా పోవచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. నిందితుడు తప్పుచేయలేదని నమ్మడానికి కారణం వున్నదని న్యాయమూర్తికి తోస్తేతప్ప బెయిలు లేదు. రెండు సంచులంటే 20 కిలోలు యిట్టే దాటిపోతుంది. 'వాణిజ్యం' అనే మాట చూడండి! మోతకు వాడికి ముట్టేది కొద్ది వేలు. వాణిజ్యం చేసినవాడి పేరు వాడికే తెలియదు. ఫోనులో గొంతు విన్నాడు, అంతే.

వాడి స్టేటస్సులో పుష్ప బొమ్మ వుండేది, గడ్డం కింద చెయ్యి తిప్పే ఆ సైగతో. సినిమా చూసి వాడు గంజాయి మోశాడని నేననను. అట్లా అనడం పోలీసు వాదన. అప్పు వుండి మోశాడు. సినిమా చేసిన పని వేరు. తనకు యేమి జరుగుతున్నదో అర్థం చేసుకునే మాటలు వాడి దగ్గర లేకుండా చేసింది. కూలి, మోత, దళారీ, ప్రమాదం యెవరిది, లాభం యెవరిది - యీ మాటలు రావలసిన చోట ఆ సైగ వచ్చి కూర్చుంది. తాను యీ వ్యాపారంలో అందరికంటె అడుగున వున్నానని తెలియవలసినవాడికి, పైకి వెళ్ళే మొదటి మెట్టుమీద వున్నానని తోచింది.

2025 సెప్టెంబరులో క్రిష్ దర్శకత్వంలో 'ఘాటీ' అని సినిమా వచ్చింది. యీ తూర్పుకనుమల్లో గంజాయి మోసేవాళ్ళ గురించే. ఆశతో వెళ్ళాను. మోసేవాళ్ళ వీపులు తెరమీద కనబడినై, అది మెచ్చుకోవాలి. కాని కాసేపటికే ఆ వీపులన్నీ వెనక్కి పోయి, వొక్క వీరనారి పగ ముందుకు వచ్చింది. జనం అంతగా ఆదరించలేదు. దాన్ని చూపి, మోతగాళ్ళ కథ నడవదని వ్యాపారులు చెప్పుకుంటే ఆశ్చర్యపడను.

యీ జబ్బు మనది మాత్రమే కాదు. 2008నుంచి 2013 దాకా అమెరికాలో 'బ్రేకింగ్ బాడ్' అనే టీవీ నాటకం నడిచింది. మన విద్యార్థులు కూడా ఫోనుల్లో విరివిగా చూస్తున్నారు. అందులో రసాయనశాస్త్రం చెప్పే మాష్టారు కాన్సరు వచ్చి, వైద్యానికీ కుటుంబానికీ డబ్బుకోసం మత్తుమందు తయారుచేస్తాడు. నేనూ మాష్టర్నే గనుక కాస్త జాగ్రత్తగానే చూశాను! అది పుష్పలాంటిది కాదు. రాసినవాళ్ళు ఆ మనిషి పతనాన్ని నిర్దాక్షిణ్యంగా చూపారు. చివరి యేడు ఛానెల్ ప్రతి భాగం తరవాత చర్చాకార్యక్రమం పెట్టి, అభిమానుల ప్రశ్నలు తీసుకుంది. యింత చేసినా జరిగింది యేమిటి? అతన్ని ప్రశ్నించిన భార్య పాత్రమీద ప్రేక్షకులు ద్వేషం కక్కారు. ఆ పాత్ర వేసిన అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆ ద్వేషం గురించి తానే రాయవలసివచ్చింది. నేరస్తుణ్ణి ప్రేమించడం అలవాటైనవాడికి, ఆ నేరాన్ని భరించేవాళ్ళు అడ్డుగా కనబడతారు. మంచి రచయిత కూడా యీ యంత్రం ముందు వొంటరివాడే అని దానివల్ల నాకు అర్థమైంది.

మరి దుష్టుణ్ణి ప్రేమిస్తూనే మోసపోకుండా వుండడం సాధ్యమేనా? సాధ్యమేనని మన వుత్తరాంధ్రలోనే రుజువైంది. గిరీశాన్ని మించిన దగుల్బాజీ తెలుగులో యెవడున్నాడు? 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయి, 1909లో తిరగరాయబడిన 'కన్యాశుల్కం'లో వాడు రాగానే మనకు ప్రాణం లేచివస్తుంది. గురజాడకు వాడంటే యెంత యిష్టమో ప్రతి రంగంలోనూ తెలుస్తూనే వుంటుంది. కాని బుచ్చమ్మ యేమవుతుందన్న ప్రశ్నను ఆయన వొక్క క్షణం మరవలేదు. చివర బుచ్చమ్మ పూనా శరణాలయానికి పోయి చదువుకుంటుంది, గిరీశం వట్టి చేతులతో మిగులుతాడు. వాణ్ణి అక్కడిదాకా తెచ్చింది పోలీసూ కాదు, వీరుడూ కాదు. లోకం వెలివేసిన మధురవాణి. మనం నవ్వుతాం, వాడు పోతే విచారిస్తాం కూడా, కాని గిరీశం అభిమాన సంఘం పెట్టుకోవాలని యెవరికీ తోచదు.

యింకా దగ్గరివాడు రావిశాస్త్రి. విశాఖ కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ ఆయన 'ఆరు సారా కథలు' రాశాడు. మద్యనిషేధం వున్న రోజులు. దొంగసారా, పోలీసులు, సాక్షులు, బెయిళ్ళు. నేటి గంజాయి వ్యాపారానికీ ఆనాటి సారా వ్యాపారానికీ పోలిక తెలియాలంటే ఆ పుస్తకం చాలు. 'మాయ' కథలో ముత్యాలమ్మ సారా కేసులో నిందితురాలు. ఆమె చట్టాన్ని మీరినదే. కాని రావిశాస్త్రి ఆమెను వీరనారిని చెయ్యలేదు, పాపం అని కన్నీళ్ళూ పెట్టలేదు. ఆమె నోట చట్టం యెవరికోసం నడుస్తున్నదో చెప్పించాడు. చదువుకున్న కుర్ర ప్లీడరు అది విని కూర్చున్నాడు. ఆ కథ చదివాక ఆమె బొమ్మను గోడకు తగిలించాలనిపించదు. కోర్టు ఆవరణలో చెట్టుకింద కూర్చున్న ఆడవాళ్ళను చూసే చూపు మారుతుంది. సారా కథలు వచ్చి అరవయ్యేళ్ళు దాటింది. గంజాయి కథలు రాసిన అభ్యుదయ రచయితలు మనలో యెంతమంది? మనం ఖాళీగా వదిలిన చోటులోకే ఆ సినిమాలు వచ్చినై. యీ తప్పు ఛానెళ్ళదని నేను చెప్పలేను.

మా అధ్యాపక మిత్రుడికి నా జవాబు యిది. కూలివాడి అవమానాన్ని తెరమీద చూపడం అభ్యుదయమే. ఆ అవమానానికి విరుగుడు మరొకరిని అవమానించగలిగే స్థానమేనని చూపడం అభ్యుదయం కాదు. అది భూస్వామి నేర్పిన పాఠమే. దాన్ని కూలివాడి నోట పలికిస్తే మరింత బాగా అమ్ముడవుతుందని పెట్టుబడిదారుడు తెలుసుకున్నాడు. కుర్రాళ్ళు యీల వేస్తే వాళ్ళను కోప్పడనక్కరలేదు, మనం వేసిన యీలే అది. యీల అయ్యాక అడగవలసిన ప్రశ్న వొకటుంది: దుంగ యెవరు మోశారు? దాన్ని తరగతిలో అడగడం మనకెందుకు చేతకావడం లేదు? పిల్లల ఫోను లాక్కోవడం మాత్రం చేతనవుతున్నది.

ఆ కుర్రవాడి తల్లి 2022లో చాలాసార్లు మా యింటికి వచ్చింది, అర్జీలు రాయించుకోవడానికి. చెరుకు పనికి పోయి సాయంత్రం వచ్చేది. అర్జీలో యేమి రాయాలమ్మా అంటే, "ఆడు మోసినాడు బాబూ, ఆడిది కాదు గదా! అదే రాయండి" అనేది. మోయడమే నేరమని చట్టం చెబుతున్నదని ఆమెకు నేను చెప్పలేకపోయేవాణ్ణి. వొకరోజు వచ్చేసరికి యేడున్నర దాటింది. మా యింట్లో టీవీ మోగుతున్నది. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని కాసేపు చూసింది. మోనిత యేదో బెదిరిస్తున్నది. ప్రకటన వచ్చినప్పుడు నా వైపు తిరిగి అడిగింది: "మాస్టారూ, ఆ మోనిత జైలుకెల్లి వచ్చీసింది కదా. దానికి బెయిలు యెవరిప్పించారు బాబూ?"